సీరియల్ లైనులో వచ్చే పిచ్చి అక్షరాలను చెరపకండి, చదవండి

మీ సమస్యను నేను అర్థం చేసుకున్నది ఇలా. బ్రెడ్‌బోర్డు మీద ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ చిప్పు, దానికి ఎల్ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్, కంప్యూటర్‌తో కలపడానికి సీహెచ్340 చిప్పున్న యూఎస్‌బీ-సీరియల్ బోర్డు ఉన్నాయి. ప్రోగ్రాంను యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్‌తో ఎక్కించారు. సెకనుకొకసారి ఉష్ణోగ్రత 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంతో తెర మీదికి రావాలి. దానికి బదులు చదరపు గుర్తులు, ఖాళీలు వస్తున్నాయి. అదే ప్రోగ్రాం మీ మిత్రుడి ఆర్డ్యునో ఊనో బోర్డు మీద చక్కగా నడుస్తోంది, కానీ అక్కడ పైథాన్ నుంచి పంపే మొదటి ఆజ్ఞ ప్రతిసారీ గల్లంతవుతోంది. మీరు డ్రైవర్‌ను మూడుసార్లు మళ్లీ వేశారు, కేబుల్ మార్చారు, చివరికి చిప్పే పోయిందనుకొని ఇంకొకటి కొన్నారు. దానితోనూ అదే ఫలితం.

చిప్పు పోలేదు, మొదటిదీ బాగానే ఉండి ఉంటుంది. మీరు యథాలాపంగా రాసి వదిలేసిన వాక్యం ఒకటుంది: గుర్తులు సెకనుకొకసారి కాకుండా సుమారు పావు నిమిషానికి ఒకసారి గుంపుగా వస్తున్నాయని. నాకు కావలసిన ఆధారం అదే. సెకను పావు నిమిషం ఎందుకయిందో తెలిస్తే, అంకెలు చదరాలు ఎందుకయ్యాయో కూడా తెలుస్తుంది.

ఏటీమెగా328పీ చిప్పు కొత్తగా కొన్నప్పుడు మీరు పెట్టిన క్రిస్టల్ (బయటి గడియారంగా పనిచేసే స్ఫటికం) వైపు కూడా చూడదు. దాని లోపల 8 మెగాహెర్ట్జ్ గడియారం ఒకటుంది. దాన్ని ఎనిమిదితో భాగించే ఫ్యూజ్ బిట్ (ప్రోగ్రామర్‌తో మార్చగల అమరిక) కూడా కర్మాగారంలోనే పెట్టి పంపుతారు. అంటే చిప్పు నడిచేది 1 మెగాహెర్ట్జ్ మీద. మీరేమో కంపైలర్‌కు 16 మెగాహెర్ట్జ్ అని చెప్పారు. కంపైలర్ మీ మాట నమ్మి లెక్కలన్నీ దాని ప్రకారమే వేసింది. ఫలితంగా ప్రతి పనీ పదహారు రెట్లు నెమ్మదించింది. సెకను ఆగమంటే 16 సెకన్లు ఆగుతోంది. 9600 బాడ్‌తో పంపమంటే 600 బాడ్‌తో పంపుతోంది. ఊనో బోర్డు మీది చిప్పుకు 16 మెగాహెర్ట్జ్ గడియారం వాడుకునేలా ఫ్యూజ్‌లు ముందే పెట్టి ఉంటారు కనుక అక్కడ ఇబ్బంది రాలేదు.

నా మాట మీద నమ్మకంతో ఏదీ మార్చకండి, ముందు ఋజువు చూడండి. చిప్పును, తీగలను ముట్టుకోవద్దు. పుటీ వంటి టెర్మినల్ ప్రోగ్రాంలో వేగం 600 అని పెట్టి అరనిమిషం ఆగండి. అంకెలు కనిపిస్తే సగం సమస్య అక్కడే తేలిపోయినట్లు. ఇంకో ఋజువు కూడా ఉంది, దానికి సీరియల్ లైను కూడా అక్కర్లేదు. ఒక ఎల్ఈడీని సెకను వెలిగించి సెకను ఆర్పే ప్రోగ్రాం ఎక్కించి, చేతి గడియారంతో లెక్కపెట్టండి. 16 సెకన్లు వెలిగితే చిప్పు 1 మెగాహెర్ట్జ్ మీద ఉంది. 2 సెకన్లయితే 8 మెగాహెర్ట్జ్, అప్పుడు టెర్మినల్‌లో 4800 పెట్టి చూడాలి. సరిగ్గా ఒక సెకనే వెలిగితే నా అంచనా తప్పు, కింద రాసిన మిగతా కారణాలు చూడాలి. ఒక్క ఎల్ఈడీతో అయిపోయే ఈ పరీక్షను నేను ప్రతి కొత్త బోర్డు మీదా అన్నిటికంటే ముందు చేస్తాను.

దిద్దుబాటు తేలికే, కాస్త జాగ్రత్త మాత్రం కావాలి. ‘లో ఫ్యూజ్’ (ఈ గడియారపు అమరికలుండే బైటు) విలువ కొత్త చిప్పులో హెక్సాడెసిమల్‌లో 62 ఉంటుంది. బయటి క్రిస్టల్ వాడాలంటే ఊనోలో ఉన్నట్లు దాన్ని ఎఫ్ఎఫ్ చేయాలి. ఆ పని చేసే ముందు 9, 10 కాళ్ల మధ్య 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఒక్కొక్క కాలి నుంచి గ్రౌండ్‌కు 22 పికోఫారడ్ల కెపాసిటర్ ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకోండి. క్రిస్టల్ సరిగ్గా కూర్చోకుండా ఫ్యూజ్ మార్చితే చిప్పుకు గడియారమే ఉండదు, ప్రోగ్రామర్‌కు జవాబివ్వడం మానేస్తుంది. చాలామంది అలాంటి చిప్పు చచ్చిపోయిందని పారేస్తారు. నిజానికి 9వ కాలికి బయటి నుంచి గడియారపు సంకేతం ఇస్తే అది మళ్లీ పలుకుతుంది.

ఫ్యూజ్ జోలికి పోకుండా ప్రోగ్రాంలోనే 1 మెగాహెర్ట్జ్ అని రాసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. ఉష్ణోగ్రత చదివే పనికి సరిపోతుంది. కాకపోతే చిప్పు లోపలి గడియారం క్రిస్టల్ లాంటిది కాదు. తయారీదారు హామీ ఇచ్చే కచ్చితత్వం పది శాతం అటూ ఇటూ. సాధారణంగా అంతకంటే చాలా మెరుగ్గానే ఉంటుంది కానీ వేడికి, సరఫరా వోల్టేజీకి జరుగుతూ ఉంటుంది. ఏసీ గదిలో బల్ల మీద రోజంతా నడిచిన పరికరం మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి తప్పు అక్షరాలు పంపి, సాయంత్రానికి దానంతటదే బాగుపడటం నేను చూశాను. సీరియల్ లైను వాడేచోట క్రిస్టల్ పెట్టమని అందుకే గట్టిగా చెబుతాను.

వేగం విషయంలో ఇంత పట్టింపు ఎందుకో అర్థమైతే మిగతావన్నీ తేలికవుతాయి. ఈ పద్ధతిలో గడియారపు తీగ ఉండదు. పంపేవాడు, అందుకునేవాడు ఎవరి గడియారం వారు చూసుకుంటారు. లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తులో, అంటే 5 వోల్టుల దగ్గర ఉంటుంది. అక్షరం మొదలవుతోందని చెప్పడానికి ఒక బిట్ కాలం పాటు సున్నాకు దిగుతుంది. ఆ తర్వాత ఎనిమిది బిట్లు చిన్న విలువది ముందుగా వరుసగా వస్తాయి, చివర లైను మళ్లీ ఎత్తుకు వెళ్లి ఒక బిట్ కాలం ఆగుతుంది. 9600 బాడ్‌లో ఒక్కో బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు. అందుకునే చిప్పు మొదటి దిగుడు చూసిన క్షణం నుంచి తన లెక్క మొదలుపెట్టి, ప్రతి బిట్ నడిమధ్యలో ఒకసారి చూస్తుంది. చివరి బిట్ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర బిట్ల దూరం నడిచి ఉంటుంది. అక్కడ అర బిట్ తేడా వస్తే పక్క బిట్‌ను చదువుతుంది. అంటే రెండు వైపులా కలిపి ఐదు శాతం తేడా వస్తే మాట చెడుతుంది. ఒక్కో వైపు రెండు శాతం లోపు ఉంచుకోవడం మంచిది.

మన ఇంజినీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో 8051 మైక్రోకంట్రోలర్ బోర్డుల మీద 11.0592 మెగాహెర్ట్జ్ అనే వింత సంఖ్య గల క్రిస్టల్ ఎందుకుంటుందో చాలామంది విద్యార్థులు అడగరు, అడిగినా చెప్పేవారు తక్కువ. ఆ సంఖ్యను పన్నెండుతో, ముప్ఫై రెండుతో, మూడుతో భాగించి చూడండి, సరిగ్గా 9600 వస్తుంది. క్రిస్టల్ గుండ్రంగా 12 మెగాహెర్ట్జ్ అయితే వచ్చేది 10416, అంటే ఎనిమిదిన్నర శాతం తప్పు. మీ చిప్పుకూ ఇలాంటి లెక్కే ఉంది. 16 మెగాహెర్ట్జ్ మీద 9600కు తేడా 0.2 శాతమే. అదే 115200 పెడితే మామూలు పద్ధతిలో మూడున్నర శాతం, రెట్టింపు వేగపు బిట్ పెడితే 2.1 శాతం. అది ఒక కంప్యూటర్‌తో పనిచేసి ఇంకొకదానితో మొండికేస్తుంది. వేగం కావాలంటే 250000 పెట్టుకోండి, 16 మెగాహెర్ట్జ్‌కు అది తేడా లేకుండా సరిపోతుంది. త్రీడీ ప్రింటర్లలో ఆ సంఖ్య తరచూ కనిపించేది అందుకే.

ఇప్పుడు మీ పరిశోధన పద్ధతి గురించి. మీరు డ్రైవర్, కేబుల్, చిప్పు మార్చారు. ఒక్కొక్కటి మార్చినప్పుడు ఏమి తెలిసింది అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే దేన్నీ విడిగా నిలబెట్టి చూడలేదు. లైనును మధ్యలో తెంచండి. సీహెచ్340 బోర్డును మైక్రోకంట్రోలర్ నుంచి విడదీసి, దాని టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) కాళ్లను ఒక చిన్న తీగతో ఒకదానికొకటి కలపండి. టెర్మినల్ తెరిచి, లోకల్ ఎకో (టైప్ చేసినదాన్ని టెర్మినలే తెర మీద చూపడం) ఆపి, ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసిందే తెర మీదికి తిరిగొస్తే కంప్యూటర్, డ్రైవర్, కేబుల్, యూఎస్‌బీ బోర్డు అన్నీ నిర్దోషులు, ఇక వాటిని మరిచిపోవచ్చు. తీగ తీసేస్తే అక్షరాలు ఆగాలి, అదీ చూడండి, లేకపోతే ఎకో ఆపడం మరిచి మోసపోతారు. ఒక్క నిమిషం పని ఇది. దీన్ని మొదటిరోజే చేసి ఉంటే డ్రైవర్, కేబుల్ మార్చే శ్రమ మిగిలేది. ఈ పరీక్షలో వేగం తప్పు బయటపడదని మాత్రం గుర్తుంచుకోండి. తన మాట తానే వింటున్నప్పుడు ఏ వేగమైనా సరిపోతుంది.

రెండో సగానికి ఇంగ్లీషు పెద్దక్షరం యూ ఒక్కటే ఆగకుండా పంపే చిన్న ప్రోగ్రాం రాయండి. ఆ అక్షరం బిట్లు ఒకటి విడిచి ఒకటి సున్నా, ఒకటి. ముందు దిగుడు, చివరి ఎత్తు కూడా కలుపుకుంటే లైను మీద తేడా లేని చతురస్రపు తరంగం వస్తుంది. 9600 బాడ్‌లో దాని పౌనఃపున్యం 4800 హెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ చూపించే మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు, చిప్పు నిజంగా ఏ వేగంతో పంపుతోందో అంకెల్లో కనిపిస్తుంది. మీ బోర్డు మీద ఇప్పుడు అది 300 హెర్ట్జ్ చూపిస్తుందని అనుకుంటున్నాను. ఫ్రీక్వెన్సీ లేని మీటర్‌తో డీసీ వోల్టులు చూసినా ఉపయోగమే. పంపడం ఆగినప్పుడు టీఎక్స్ కాలు మీద 5 వోల్టులు, ఆగకుండా యూ పంపుతున్నప్పుడు సుమారు రెండున్నర వోల్టులు ఉండాలి. ఎప్పుడూ 5 ఉంటే చిప్పు ఏమీ పంపడం లేదు. ఎప్పుడూ సున్నా ఉంటే ఆ కాలును ఇంకేదో కిందికి లాగుతోంది, లేదా మీరు వేరే కాలు మీద పెట్టారు. మీ చిప్పులో పంపేది 3వ కాలు, అందుకునేది 2వ కాలు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ఆధారం తెర మీద పడే తప్పు అక్షరాలే. అందరూ వాటిని చెత్త అనుకొని చెరిపేస్తారు. వాటికీ ఒక తీరు ఉంటుంది. ఒక్క అక్షరం పంపితే నాలుగైదు వచ్చి, వాటిలో ఎక్కువ సున్నాలే ఉంటే, పంపేవాడు మీరు అనుకున్నదానికంటే చాలా నెమ్మది, మీ కేసు ఇదే. పంపినవాటికంటే తక్కువ వస్తే పంపేవాడు వేగంగా ఉన్నాడు. చాలావరకు సరిగ్గా వచ్చి మధ్యమధ్యలో తలమీద గుర్తులున్న ఐరోపా అక్షరాలు తగిలితే, వేగం కొద్దిగా మాత్రమే తప్పింది. అందుకునేవాడు చివరి బిట్ చదవాల్సిన చోట దాని తర్వాతి ఎత్తును చదువుతున్నాడన్న మాట. ఇంగ్లీషు అక్షరాలకు ఆ చివరి బిట్ ఎప్పుడూ సున్నా, అది ఒకటి అయితే విలువ 127 దాటుతుంది.

ఇంకో తీరు నాకు ఒక రైస్ మిల్లులో ఎదురైంది. లారీలు తూచే వేబ్రిడ్జి తూనిక పెట్టెను కంప్యూటర్‌కు కలపాలి. బరువులు వస్తున్నాయి, అయితే అంకెల్లో 0, 3, 5, 6, 9 సరిగ్గా ఉండి 1, 2, 4, 7, 8 మాత్రం ప్రతిసారీ వింత అక్షరాలుగా మారుతున్నాయి. రెండు రోజులు కేబుళ్లు మార్చి విసిగిపోయిన కుర్రవాడు నాకు ఫోను చేశాడు. ఒక్కో అంకె బిట్లు కాగితం మీద రాయించాను. సరిగ్గా వచ్చేవాటిలో ఒకట్ల సంఖ్య సరి, చెడిపోయేవాటిలో బేసి. వేగం తప్పితే ఇంత నియమంగా చెడదు. ఆ పెట్టె ఏడు బిట్లు పంపి, ఎనిమిదో చోట సరి పారిటీ బిట్ (ఒకట్ల మొత్తాన్ని సరిసంఖ్య చేసే బిట్) పెడుతోంది. కంప్యూటర్ దాన్ని కూడా అక్షరంలో భాగమనుకొని చదువుతోంది. టెర్మినల్‌లో ఏడు బిట్లు, సరి పారిటీ అని మార్చగానే బరువులన్నీ కుదురుకున్నాయి. పాత తూనిక యంత్రాలు, కరెంటు మీటర్లు కలిపేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అలాంటి పాత యంత్రాల వెనక తొమ్మిది కాళ్ల కనెక్టర్ ఉంటే దాన్ని తిన్నగా మైక్రోకంట్రోలర్‌కు ఎప్పుడూ కలపవద్దు. అది ఆర్ఎస్-232 అనే పాత సీరియల్ పద్ధతి. అక్కడ ఒకటి అంటే రుణ వోల్టేజీ, సున్నా అంటే ధన వోల్టేజీ, 12 వోల్టులు దాకా మామూలుగానే ఉంటాయి. అక్షరాలు తలకిందులుగా వస్తాయి, అంతకుముందే కాలు కాలిపోవచ్చు. మధ్యలో వోల్టేజీలను మార్చే మ్యాక్స్232 వంటి చిప్పు తప్పనిసరి. ఖాళీ లైను మీద మీటర్ రుణ వోల్టులు చూపిస్తే అది ఆర్ఎస్-232, 5 లేదా 3.3 చూపిస్తే తిన్నగా చిప్పు లైను. మీ సీహెచ్340 బోర్డు మీద 5, 3.3 వోల్టుల జంపర్ ఉంటుంది, మీ చిప్పుకు 5 ఇస్తున్నారు కనుక అక్కడ 5 ఉంచండి. రేపు ఈఎస్పీ32కు మారితే 3.3కు మార్చడం మరవకండి, దాని కాళ్లు 5 వోల్టులను తట్టుకునేలా తయారు చేసినవి కావు.

గ్రౌండ్ తీగ గురించి మీరు ఏమీ రాయలేదు. చిప్పుకు విడిగా అడాప్టర్ నుంచి కరెంటు ఇస్తున్నామనీ, యూఎస్‌బీ నుంచి టీఎక్స్, ఆర్ఎక్స్ రెండు తీగలు చాలుననీ అనుకునేవారు చాలామంది. చాలవు. రెండు బోర్డుల గ్రౌండ్లు కలవకపోతే 5 వోల్టులు దేనితో పోలిస్తే 5 అన్నది ఎవరికీ తెలియదు. చేయి తాకితే పనిచేసి చేయి తీస్తే ఆగిపోవడం, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెడితే నడిచి తీస్తే చెడటం, ఇవి దాదాపు ఎప్పుడూ గ్రౌండ్ లేని లక్షణాలే. టీఎక్స్ ఎదుటివారి ఆర్ఎక్స్‌కు వెళ్లాలన్న సంగతి మీకు తెలిసినదే. కొన్ని బోర్డుల మీద మాత్రం ఎదుటివైపు తీగ పేరు ముద్రిస్తారు, అనుమానమొస్తే మార్చి చూడండి, సమాన వోల్టేజీల మధ్య ఒకసారి తారుమారైనంత మాత్రాన సాధారణంగా నష్టమేమీ ఉండదు.

ఇక ఊనో మీద మొదటి ఆజ్ఞ గల్లంతవడం. ఇది పూర్తిగా వేరే సమస్య, రెండింటినీ కలిపి చూడటం వల్లనే మీకు డ్రైవర్ మీద అనుమానం వచ్చింది. కంప్యూటర్ పోర్టు తెరవగానే డీటీఆర్ అనే తీగ కిందికి దిగుతుంది. ఊనోలో అది ఒక చిన్న కెపాసిటర్ ద్వారా రీసెట్ కాలికి వెళుతుంది. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు బటన్ నొక్కే పని తప్పించడానికి పెట్టిన ఏర్పాటు అది. మీ పైథాన్ ప్రోగ్రాం పోర్టు తెరిచిన ప్రతిసారీ బోర్డు మొదటి నుంచి మొదలవుతుంది, మొదటి ఒకటి రెండు సెకన్లు కొత్త ప్రోగ్రాం కోసం ఎదురుచూసే బూట్‌లోడర్ చేతిలో ఉంటుంది. మీ ఆజ్ఞ సరిగ్గా ఆ సమయంలో వెళ్లి బూట్‌లోడర్ దగ్గర ఆగిపోతోంది. పోర్టు తెరిచాక రెండు సెకన్లు ఆగితే కుదురుతుంది. నేనైతే బోర్డు సెటప్ పూర్తయ్యాక "సిద్ధం" అన్న అర్థంలో ఒక మాట పంపేలా చేసి, పైథాన్‌ను ఆ మాట వచ్చేదాకా ఆపుతాను. రెండు సెకన్లు ఒక కంప్యూటర్‌లో చాలి ఇంకొకదానిలో చాలకపోవచ్చు, ఆ మాట వస్తే మాత్రం బోర్డు నిజంగా లేచిందని అర్థం.

ఆ ఆజ్ఞను బోర్డు మీద పోల్చి చూసేటప్పుడు వరస చివరను కూడా గమనించండి. కొన్ని టెర్మినళ్లు ఎంటర్ నొక్కితే 13వ విలువ పంపుతాయి, కొన్ని 10, కొన్ని రెండూ. మీరు 10 దాకా చదివి ముందున్న 13ను వదలకుండా పోల్చితే, కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలు ఎప్పటికీ సమానం కావు. బోర్డు ఏమి అందుకుందో అక్షరాలుగా చూపించకుండా ఒక్కొక్క బైటు విలువను అంకెగా తిరిగి పంపించి చూడండి, దాగినవన్నీ బయటపడతాయి.

ఇంకో మాట, లూప్‌లో మీరు సెకనుపాటు ఆగుతున్నారు. ఆర్డ్యునో వైపు అందుకునే బఫర్ 64 బైట్లు. 9600 బాడ్‌లో అది 67 మిల్లీసెకన్లలో నిండిపోతుంది, తర్వాత వచ్చినవి పోతాయి. ఇప్పుడు మీ ఆజ్ఞలు పొట్టివి కనుక తెలియడం లేదు. పొడవైన సమాచారం పంపడం మొదలుపెట్టాక మధ్యలో ముక్కలు పోతుంటే ముందు ఆ ఆగడాన్ని తీసేయండి.

మీరు లైనక్స్ కూడా వాడతామన్నారు. అక్కడ అనుమతి లేదని వస్తే మీ పేరును డయల్‌అవుట్ గుంపులో చేర్చి ఒకసారి లాగౌటై రండి. మినీకామ్ అనే టెర్మినల్‌లో అంకెలు కనిపించి మీరు టైప్ చేసింది మాత్రం వెళ్లకపోతే హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపేయండి. విండోస్‌లో ఒక ప్రోగ్రాం పోర్టు పట్టుకుంటే ఇంకొకటి తెరవలేదు, తెరవబోతే తప్పు చూపిస్తుంది. లైనక్స్‌లో రెండూ తెరుచుకోగలవు, వచ్చే అక్షరాలను చెరికొన్ని లాక్కుంటాయి. పైథాన్‌లో సగం అంకెలే వస్తున్నాయంటే వెనకాల ఇంకో టెర్మినల్ తెరిచి ఉందేమో చూడండి.

ఈ రాత్రికి వీటన్నిటినీ చేయవద్దు. మూడే చేయండి: తీగతో లూప్ కలిపిన పరీక్ష, ఎల్ఈడీ ఎన్ని సెకన్లు వెలిగిందో లెక్క, పంపడం ఆగినప్పుడు 3వ కాలి మీద వోల్టేజీ. ఫ్యూజ్‌ను అప్పుడే మార్చకండి. అక్షరాలు తిరిగొచ్చాయో లేదో, ఆ సెకన్లు, ఆ వోల్టులు నాకు రాయండి, తర్వాత ఏ మెట్టు ఎక్కాలో వాటిని చూసి చెబుతాను.